రెండో రాయి చెక్కింది నేనే

నా పేరు షేక్ యూసుఫ్. తండ్రి షేక్ మస్తాన్, ఇప్పుడు లేరు. వయసు అరవై ఒకటి. అనకాపల్లి టౌన్‌లో మసీదు వెనక సందులో ఉంటాను. వృత్తి రాతి మీద అక్షరాలు చెక్కడం. శిలాఫలకాలు, ఇళ్ళ పేర్లు, సమాధి రాళ్ళు చేస్తాను. చదువు ఆరో తరగతితో ఆగిపోయింది. ఇంగ్లీషు అక్షరాలు చెక్కడం వచ్చు, చదివి అర్థం చేసుకోవడం రాదు.

ఈ రోజు 2026 ఫిబ్రవరి 2, సోమవారం. ఉదయం పదిన్నరకు నా అంతట నేనే ఈ స్టేషన్‌కు వచ్చాను. నన్నెవరూ పిలవలేదు. పిలవాల్సిన మనిషిని పిలవకుండా పొలం పనుల్లో ఉన్నవాళ్ళను పిలుస్తున్నారని తెలిసి వచ్చాను. ఎస్సై గారు బందోబస్తుకు వెళ్ళారట. హెడ్ కానిస్టేబుల్ అప్పారావు గారు నేను చెబుతుంటే రాసుకుంటున్నారు. కాస్త తొందరగా చెప్పమన్నారు. రాతి పని చేసేవాడికి తొందర అలవాటు లేదని మనవి చేశాను.

మునగపాక మండలం తోటవానిపాలెం దగ్గర గెడ్డ మీద కల్వర్టు ఉంది. దాని గోడకు ఒక శిలాఫలకం మొదటి నుంచీ ఉంది. దాని పక్కన ఎవరో అనుమతి లేకుండా రెండో రాయి పెట్టి ప్రభుత్వ ఆస్తిని పాడుచేశారని మొన్న శుక్రవారం కంప్లయింట్ వచ్చింది. ఇచ్చినది నానాజీ గారు. అనకాపల్లిలో ఇంజనీరింగ్ కన్సల్టెన్సీ నడుపుతున్నారు. మీ వాళ్ళు శనివారం ఊళ్ళోకి వెళ్ళి అడిగితే రైతు సూర్యనారాయణ, అతని తోడల్లుడు అప్పలరాజు, పాల వ్యాపారం చేసే అప్పలకొండమ్మ, ముగ్గురూ మేమే పెట్టాం అని చెప్పారు. ఆ ముగ్గురూ చెప్పింది అబద్ధం. ఆ రాయి చెక్కింది నేను. తీసుకువెళ్ళి అతికించింది నేను. అందులో ఇంకెవరికీ భాగం లేదు.

ఎందుకు పెట్టావని హెడ్ గారు అడిగారు. దానికి నా కూతురి సంగతి చెప్పాలి.

నా కూతురు షేక్ మహేక్. వయసు ముప్ఫై రెండు. సివిల్‌లో బీటెక్ చేసింది. నానాజీ గారి ఆఫీసులో డిజైన్ ఇంజనీరుగా పనిచేసింది. మూడేళ్ళ కిందట తోటవానిపాలెం గెడ్డ మీద కొత్త కల్వర్టు కట్టాల్సి వచ్చినప్పుడు డిజైన్ పని ఆ ఆఫీసుకు వచ్చింది. ఆఫీసు నుంచి మహేక్‌కు వచ్చింది. పాత కల్వర్టుకు గుండ్రటి తూములుండేవి. వాన పడితే చెరుకాకు, గుర్రపుడెక్క కొట్టుకొచ్చి తూములు మూసుకుపోయేవి. నీళ్ళు రోడ్డెక్కేవి. చెరుకు ట్రాక్టర్లు నిలిచిపోయేవి. పిల్లలకు బడి ఉండేది కాదు.

పాత కొలతలే కాస్త పెంచి గీసెయ్యమని నానాజీ గారు చెప్పారట. ఇది నేను విన్నది కాదు, మహేక్ చెప్పింది. నేను చూసింది మాత్రమే చెప్పమని హెడ్ గారన్నారు. సరే, చూసింది చెబుతాను. వాయుగుండం వచ్చి మూడు రోజులు కురిసిన వానలో నా కూతురు బయలుదేరుతుంటే వద్దన్నాను. వినలేదు. అందుకని నా స్కూటర్ మీద నేనే తీసుకువెళ్ళాను. నడుం లోతు నీళ్ళలో దిగింది. గెడ్డ పక్కన సూర్యనారాయణ మోటారు షెడ్డు గోడ మీద నీళ్ళు ఎక్కడిదాకా వచ్చాయో అక్కడ ఎర్ర రంగుతో గీత గీసింది. తాడు పట్టుకున్నది సూర్యనారాయణ. గొడుగు పట్టుకున్నది నేను. నా గొడుగు వల్ల ఎవరికీ ఏ ఉపయోగమూ కలగలేదు.

ఆ గీత ఇప్పటికీ ఉంది. దాన్ని బట్టే తూములు మానేసి, వెడల్పాటి చదరపు గళ్ళు పెట్టి, రోడ్డు ఎత్తు చేసింది. ఆ తర్వాత వచ్చిన ఏ వానకూ నీళ్ళు కల్వర్టు ఎక్కలేదు.

ప్రారంభోత్సవానికి శిలాఫలకం ఆర్డరు నాకే వచ్చింది. ఈ చుట్టుపక్కల శిలాఫలకాల పద్ధతి ఎలా ఉంటుందో నాకు తెలిసినట్టు ఎవరికీ తెలియదు. పైన పెద్దవాళ్ళ పేర్లు. వాళ్ళ కింద అధ్యక్షత వహించినవారు. ఆ కింద విశిష్ట అతిథులు. చివర చిన్న అక్షరాల్లో కాంట్రాక్టరు, ఇంజనీరు. ఒక పేరు పక్కవాళ్ళ పేరు కన్నా సన్నగా వచ్చిందని రాయి మొత్తం మళ్ళీ చెక్కించినవాళ్ళు ఉన్నారు. రిబ్బను కత్తిరించే రోజు తప్ప ఆ చోటు చూడనివాళ్ళ పేర్లు నా చేత్తోనే ఎన్నో చెక్కాను. అది నా పని, దానికి నాకు చింత లేదు.

ఆ కల్వర్టు రాయికి ఇచ్చిన కాగితంలో చివరి వరుసలో ఇంజనీరు అని నానాజీ గారి పేరు ఉంది. మహేక్ పేరు ఎక్కడా లేదు. ఇంటికి వెళ్ళి అడిగాను. తను నవ్వింది. మా ఇంట్లో తండ్రిని అబ్బా అని పిలుస్తారు.

“అబ్బా, నీకు కొత్తేటి? పనిచేసినోళ్ళ పేరు రాయి మీద ఎప్పుడైనా చెక్కేవా?”

చెక్కలేదు. ఆ రాయి కూడా కాగితంలో ఉన్నట్టే చెక్కి ఇచ్చాను. దాని మీద ఒక్క అక్షరం తప్పులేదు.

నిరుడు మహేక్‌కు న్యూజిలాండ్‌లో వంతెనలు కట్టే కంపెనీ వాళ్ళు ఉద్యోగం ఇస్తామన్నారు. కానీ అక్కడ ఇంజనీరు అనిపించుకోవాలంటే ఇక్కడి డిగ్రీ ఒక్కటే చాలదట. ఇంజనీర్లను పరీక్షించే సంస్థ అక్కడ ఉంది. డిగ్రీ తమ డిగ్రీతో సమానమా అని ముందు చూస్తారు. అందులో మహేక్ నెగ్గింది. మన కాలేజీ చదువు వాళ్ళ చదువుకు సమానమే అని రాసిచ్చారు. ఆ కాగితం మా ఆవిడ రజియా బేగం బీరువాలో దాచింది. నేను చూడాలన్నా చేతులు కడుక్కుని రమ్మంటుంది.

రెండోది కష్టమైనది. పెద్ద పని ఒకటి తీసుకుని, అందులో నిర్ణయాలు తానే చేసినట్టు చూపించాలి. మహేక్ ఈ కల్వర్టును చూపించింది. తెలిసిన పెద్ద ఇంజనీరు ఒకరు సాక్ష్యం ఇవ్వాలి. నానాజీ గారి దగ్గరికి వెళ్ళింది. తోడుగా నేనూ వెళ్ళాను. ఆయన మమ్మల్ని కూర్చోమన్నారు, టీ ఇప్పించారు. అబద్ధమెందుకు చెప్పాలి, మర్యాదగానే మాట్లాడారు.

“చూడమ్మా, డిజైన్ ఆఫీసుది. నువ్వు హెల్ప్ చేసేవు. హెల్ప్ చేసిందని రాసిత్తాను. డిజైన్ నీదేనని ఎలా రాత్తాను? రాయి మీద నా పేరుంది కదా,” అన్నారు.

రాయి మీద నా పేరుంది కదా. ఆ మాట నాకు గుచ్చుకుంది. ఆ పేరు చెక్కిన చెయ్యి ఆయన ఎదురుగానే టీ గ్లాసు పట్టుకుని ఉంది.

హెల్ప్ చేసిందని రాసిస్తే అక్కడ ఇంజనీరు కాదు. ఇంజనీరు గీసింది చూసి పనిచేసే టెక్నీషియన్ అవుతుంది. అది చిన్న పని అని నేననడం లేదు. చేసినది ఒకటైతే పిలిచేది ఇంకొకటి కాకూడదని అంటున్నాను.

మహేక్ ఆ సంస్థకు ఉన్న సంగతి రాసింది. సాక్ష్యం ఇచ్చేవాళ్ళు లేరు, కావాలంటే కల్వర్టు దగ్గరే నిలబడి ఫోన్‌లో చూపిస్తాను, అక్కడే నాకు ప్రశ్నలు వెయ్యండి అని అడిగింది. వాళ్ళు ఒప్పుకున్నారు. 2025 నవంబరు 14, శుక్రవారం, ఉదయం ఏడు గంటలకు ఇంటర్వ్యూ అన్నారు.

ఆ ముందు రోజు, గురువారం మధ్యాహ్నం, నేను రెండో రాయి తీసుకుని తోటవానిపాలెం వెళ్ళాను. దొంగతనంగా వెళ్ళలేదు. పట్టపగలు ఆటోలో వేసుకుని వెళ్ళాను. నల్ల గ్రానైటు రాయి. నా షాపులోనిదే. అక్షరాలు మిషన్‌తో కొట్టినవి కాదు, ఉలితో చెక్కినవి. దాని మీద ఇలా ఉంది: “ఈ కల్వర్టును డిజైన్ చేసిన ఇంజనీరు షేక్ మహేక్, బి.టెక్.” అంతే. పెద్దవాళ్ళెవరూ లేరు.

మొదటి రాయిని నేను ముట్టుకోలేదు. అది కూడా నేను చెక్కిందే, దాన్ని ఎందుకు పాడుచేస్తాను? రెండో రాయి దాని పక్కన పెట్టాను. కంప్లయింట్‌లో ప్రభుత్వ ఆస్తికి నష్టం అని ఉందట. ఒక్క నష్టమూ లేదు. గోడకు ఒక్క కన్నం వెయ్యలేదు. డ్రిల్ పెడితే లోపల ఇనుముకు తేమ చేరుతుందని మహేక్ ఎప్పుడో చెప్పింది. అందుకని టైల్స్ అతికించే గమ్ముతో అతికించాను. సూర్యనారాయణ నీళ్ళు తెచ్చి ఇచ్చాడు. అవి గమ్ము కలపడానికి కాదు, నేను తాగడానికి. ఇది స్పష్టంగా రాసుకోమని హెడ్ గారిని కోరాను.

నా ఉద్దేశం ఏమిటంటే, నానాజీ గారికి రాయి సాక్ష్యం అయినప్పుడు నా కూతురికీ ఒక రాయి ఉండాలి. ఈ సంగతి మహేక్‌కు చెప్పలేదు. చెబితే వద్దంటుంది.

శుక్రవారం పొద్దున్నే మహేక్, రజియా, నేను అక్కడికి చేరాం. సూర్యనారాయణ, అప్పలకొండమ్మ, ఇంకా కొందరు రైతులు ముందే వచ్చి ఉన్నారు. ఫోన్‌లో ఇద్దరు కనబడ్డారు, ఒక ఆవిడ, ఒక ఆయన. మహేక్ ఫోన్ పట్టుకుని నడుస్తూ ఎర్ర గీత చూపించింది, గళ్ళు చూపించింది. వాళ్ళు కల్వర్టు వాడేవాళ్ళతో మాట్లాడాలన్నారు. అప్పలకొండమ్మ ముందుకొచ్చింది.

“ఇదివరకు వానొత్తే పాలకేన్లు నెత్తినెట్టుకొని దాటేవోళ్ళం. ఓసారి మా గేదె కొట్టుకుపోయింది. ఈ పిల్లొచ్చి నీళ్ళలో దిగింది. ఆడపిల్ల నీళ్ళలో దిగడవేటని నేను తిట్టేను కూడాను. ఇప్పుడు సూడు, సెప్పులు తడవకుండా ఎల్లిపోతన్నాను. బంగారు తల్లి, దాని కడుపు సల్లగుండ,” అంది.

మహేక్ దాన్ని ఇంగ్లీషులో చెప్పింది. అంత పొడుగు మాట రెండు ముక్కల్లో అయిపోయింది. తర్వాత నేను అడిగితే గేదె సంగతి, పాలకేన్ల సంగతి చెప్పానని, మిగతాది ఇంజనీరింగ్ కాదని అంది.

ఆ తర్వాత ఫోన్ అటు తిరిగింది. అప్పుడు మహేక్ రెండో రాయి చూసింది. ఫోన్‌లో ఆవిడ ఏదో అడిగింది, దాని మీద ఏముందని అడిగి ఉంటుంది. మహేక్ ముఖం ఎర్రబడింది. నా వైపు ఒక్కసారి చూసింది. తర్వాత నిలబడి, నెమ్మదిగా, ఒక్కో మాటా విడదీసి చెప్పింది. అందులో నాకు తెలిసిన మాట ఒకటే వినబడింది, ఫాదర్. తను చెప్పింది ఇదట: “ఇది మా నాన్నగారు చెక్కింది. మొన్నటిదాకా ఇది ఇక్కడ లేదు. నాకు తెలియదు. దయచేసి దీన్ని సాక్ష్యంగా లెక్కలోకి తీసుకోవద్దు.”

నా పని ఎవరైనా లెక్కలోకి తీసుకోవద్దని అనడం నా జన్మలో అదే మొదలు. అన్నది నా కూతురు. ఆ క్షణంలో నాకు ఏమీ అర్థం కాలేదు. పని చెడిపోయిందని మాత్రం రజియా ముఖం చూసి తెలిసింది.

చివర ఫోన్‌లో ఉన్న ఆయన ఒక ప్రశ్న వేశాడు. ఇదే కల్వర్టు మళ్ళీ కట్టమంటే ఏం మారుస్తావు అని. మాటలు ఇంగ్లీషువే, వాటి అర్థం మహేక్ తర్వాత చెప్పింది. మహేక్ ఫోన్ తీసుకుని కిందికి దిగింది. నీళ్ళు గళ్ళలోంచి బయటపడే చోట అడుగున పరిచిన రాళ్ళు చూపించింది. వాటి అంచు దగ్గర మట్టి కొట్టుకుపోయి ఉంది. రాళ్ళ పరుపు పొడవు తక్కువ వేశాను, అది నా లెక్కే, ఇప్పుడైతే పెంచుతాను, పెంచకపోతే ఇంకొన్నేళ్ళలో ఇక్కడ గుంట పడుతుంది అని చెప్పింది. దానికి బాగు చేయించమని ఆఫీసులో ఉండగానే రాసిచ్చిందట. ఆ రాసిచ్చిన మెయిల్ ఉందా అని వాళ్ళు అడిగారు, ఉందంది, పంపింది.

తిరిగి వచ్చేటప్పుడు రజియా ఆటోలో వచ్చింది. మహేక్ నా స్కూటర్ వెనక కూర్చుంది. మునగపాక దాటాం. తర్వాత అంది.

“అబ్బా, సాక్ష్యం లేక దొంగ రాయి పెట్టించేనని వాళ్ళనుకుంటే నా గతేటి?”

“దొంగ రాయి కాదు కదమ్మా. అందులో అబద్ధం ఏటుంది?”

“అబద్ధం లేదు. అయినా ఇంటర్వ్యూకి ముందురోజు పెట్టింది సాక్ష్యం అవదు.”

“మరి కల్వర్టులో లోపం నువ్వెందుకు చెప్పేవు? అది ఎవరు అడిగేరు?”

“వాళ్ళే అడిగేరు అబ్బా.”

స్కూటర్ ఆపి రోడ్డు పక్కన కాసేపు నిలబడ్డాం. తను నా కాలరుకు అంటిన గమ్ము గోటితో గీకి తీసింది. అంతటితో కోపం పోయిందని నాకు తెలిసింది.

ఈ జనవరి 29, గురువారం, సాయంత్రం మహేక్ షాపుకు వచ్చింది. నేను సమాధి రాయి ఒకటి పాలిష్ పడుతున్నాను. మిషన్ ఆపమని చెయ్యి ఊపింది. ఫోన్‌లో మెయిల్ చదివింది. ఇంజనీరుగా గుర్తించారు. హెల్ప్ చేసిన మనిషిగా కాదు, టెక్నీషియన్‌గా కాదు, వాళ్ళ దేశంలో చదివి వాళ్ళ దేశంలో పనిచేసినవాళ్ళను ఎలా గుర్తిస్తారో అలాగే. కింద ఒక మాట రాశారు. రాయిని లెక్కలోకి తీసుకోవద్దని తనే చెప్పడం, తన డిజైన్‌లో లోపం తనే చూపించడం, ఈ రెండూ గమనించాం అని.

నేను అప్పుడు ఏడ్చాను. అది రాయక్కర్లేదని హెడ్ గారన్నారు. రాయమన్నాను.

అప్పుడు నాకు ఇంటర్వ్యూ రోజు సంగతి అర్థమైంది. పేరు ఎవరైనా వేయించుకోవచ్చు. నేనే వేసి ఇస్తాను. లోపం ఎక్కడుందో చెప్పమంటే మాత్రం చేసిన మనిషే చెప్పాలి. నా కూతురు అది ఇద్దరు తెల్లవాళ్ళ ముందు, ఊరంతటి ముందు, కళ్ళు దించకుండా చెప్పింది. నాకు ఒళ్ళంతా గర్వంగా ఉంది. ఈ స్టేషన్‌లో కూర్చుని చెబుతున్నా గర్వంగానే ఉంది.

మెయిల్ వచ్చిన ఆ రాత్రే సూర్యనారాయణ రెండో రాయి పక్కన మహేక్ నిలబడ్డ ఫోటోను వాట్సాప్‌లో అందరికీ పంపాడు. అది తిరిగి తిరిగి నానాజీ గారికి చేరింది. ఇదేమిటి, ఇంజనీరు మీరు కాదా అని ఎవరెవరో ఆయన్ను అడిగారట. మర్నాడు కంప్లయింట్ ఇచ్చారు. ఆయన మీద నాకు పగ లేదు. ఆయన పేరు నా రాతి మీద చక్కగానే ఉంది.

నిన్న ఆదివారం సూర్యనారాయణ ఫోన్ చేశాడు.

“యూసుఫ్ బావా, నువ్వేటీ కంగారు పడకు. ఆ రాయి మేమే పెట్టేమని పోలీసోళ్ళకి సెప్పేసేం. పాపకి వీసా టైంలో నీ మీద కేసెందుకు? మేం సూసుకుంటాం. నువ్వు నోరిప్పకు.”

అతను మంచి మనసుతోనే అన్నాడు. నాకు మాత్రం ఒళ్ళు మండింది. నా కూతురి డిజైన్ మీద ఒకాయన పేరు పడింది. ఇప్పుడు నా చెక్కడం మీద ఇంకొకాయన పేరు పడుతుందా? ప్రేమతో వేసుకున్నా అది నా పనే కదా. సూర్యనారాయణకు ఉలి ఏ చేత్తో పట్టుకోవాలో తెలియదు. అప్పలరాజు సున్నం కూడా సమంగా వెయ్యలేడు. అప్పలకొండమ్మ సంగతి సరే, ఆమెకు నా మీద ఉన్న అభిమానానికి దండం పెడతాను, కానీ ఆ రాయి ఎత్తమనండి చూద్దాం.

నువ్వే చెక్కావని రుజువు ఏమిటని హెడ్ గారు అడిగారు. బహుశా వేళాకోళానికి అడిగారు. నిజంగానే చెబుతున్నాను. ఆటోలోంచి దించేటప్పుడు రాయి కింది ఎడమ మూల వెనక వైపు పెచ్చు లేచింది. దాన్ని నల్ల రంగు కలిపిన లప్పంతో పూడ్చాను. ముందు నుంచి చూస్తే కనబడదు. పక్కకు వంగి వేలు పెట్టి చూస్తే గరుకు తగులుతుంది. ఇంకొకటి, ‘ఇంజనీరు’ అన్న మాట మిగతా వరుస కన్నా ఒక నూలు మందం పైకి లేచింది. వాళ్ళ ముగ్గుర్నీ పిలిచి లోపం ఎక్కడుందో అడగండి. వాళ్ళు చెప్పలేరు.

రాయి తీసేస్తావా అని అడిగారు. తీసెయ్యమని మహేక్ కూడా చెప్పింది, దాని అవసరం తనకు ఇక లేదంది. తీయాలని కోర్టు వారు చెబితే తీస్తాను. ఇంకెవరి చెయ్యీ పడనివ్వకండి, గోడకు పెచ్చు లేవకుండా తీయడం నాకే వస్తుంది. తీశాక దాన్ని నా షాపు ముందు పెట్టుకుంటాను. దానికి ఎవరి అనుమతీ అక్కర్లేదని అనుకుంటున్నాను.

పైన చెప్పినదంతా నేను చూసి, చేసి చెప్పినది. వేరేవాళ్ళు చెప్పగా విన్నది ఎక్కడైనా ఉంటే అక్కడే విన్నదని చెప్పాను. హెడ్ గారు చదివి వినిపించారు. నేను చెప్పిన ప్రకారమే ఉంది, ఇందులో ఒకరికి భయపడి చెప్పింది లేదు.

పోలీసుల దగ్గర చెప్పిన దానికి సంతకం అవసరం లేదని హెడ్ గారన్నారు. నేను పెడతానన్నాను. నా జీవితంలో ఇన్ని రాళ్ళు చెక్కాను, దేని మీదా నా పేరు వేసుకోలేదు. రెండో రాయి మీద మహేక్ పేరు కింద యూసుఫ్ కుమార్తె అని కూడా చెక్కలేదు. ఆ కల్వర్టు నా వల్ల రాలేదు గనక. ఈ కాగితం వేరు. మొదట్లో మా నాన్న పేరు అడిగి రాసుకున్నారు. కూతురి పేరు రాయడానికి ఇందులో గడి లేదన్నారు. అందుకని సంతకం కింద కాస్త ఖాళీ వదలమన్నాను. వదిలారు. అక్కడ నేనే రాస్తున్నాను.

(సంతకం)
షేక్ యూసుఫ్
ఇంజనీరు షేక్ మహేక్ తండ్రి